నూలు కట్టిన గ్లాసులు

కొత్త కంపెనీలూ కొత్త కార్లూ దేశంలోకి వస్తున్నాయని పేపర్లు రాసే ఆ రోజుల్లో, మా వేలూరు దాకా వచ్చిన కొత్తదనం నేను టైపిస్టుగా ఉన్న లాడ్జి కింద తెరిచిన ఏసీ బారు. (ఆడపిల్ల అలాంటి చోట పనిచేయడమేమిటని పక్కనే ఉన్న మా సొంతూరు గుడియాత్తంలో వీధి వాళ్ళు అడిగారు. మా మగ్గం ఎందుకు ఆగిందని మాత్రం ఒక్కరూ అడగలేదు.) లాడ్జి ఓనరైన మొదలాళిని బతిమాలి మా నాయనను కూడా అక్కడే సర్వరుగా చేర్పించాను. కొండసారాయితో కాలేయం చెడిన మనిషిని బారులో చేర్పించిన తెలివి నాది. కానీ నాయన చేతికి పని ఉంటే తాగడు, పని లేని రోజే తాగుతాడు. ఇంకా తాగితే బతకడని డాక్టరమ్మ చెప్పేసింది. అందుకే ఆ ఉద్యోగం నిలవాలి.

మొదలాళి బెంగళూరు బార్లలో నేర్చుకొచ్చిన మాటలు నాకిచ్చి సర్వర్లకు చెప్పమన్నాడు. లార్జ్ అంటే స్మాల్‌కు రెండింతలు. ఆన్ ది రాక్స్ అంటే ఐసు ముక్కల మీద పోసేది. నీట్ అంటే నీళ్ళూ సోడా ఐసూ ఏమీ కలపనిది. మనుషుల ముఖం చూసి మాట్లాడలేని నేను గోడకేసి చూస్తూ పాఠం చెప్పాను. నాయన శ్రద్ధగా విని, "నీట్ అంటే మేం దినామూ తాగిందే గదమ్మా. దానికి ఇంత మంచి పేరు ఉండాదని తెలీకపాయ," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చదువు రాని నాయన ఏ గ్లాసు ఎవరిదో మరిచిపోతాడని నా భయం. గ్లాసుకు నూలుపోగు కట్టమని చెప్పింది నేనే. నీట్‌కు ఎరుపు, ఐసుకు తెలుపు, సోడాకు నీలం.

బారు తెరిచింది పగలు పదకొండింటికి. (దానికీ ముహూర్తమే, కొబ్బరికాయే.) బిల్లులు కొట్టడానికి నన్నూ నా టైపు మిషన్‌నూ కిందికి దించి బారులో ఒక మూలన కూర్చోబెట్టారు. మొదటి బల్ల దగ్గర మొదలాళి బావమరిది కూర్చున్నాడు. నాయన ట్రే దించగానే తడి గ్లాసు మీద ఎర్రపోగు తెగింది. మగ్గం మీద పోగు తెగితే ఎలా అతుకుతారో ఆ చేతికి ముప్పై ఏళ్ళ అలవాటు. నాయన వేలు నాలుకకు తడి చేసుకుని, రెండు కొసలూ మెలిపెట్టి, అతుకు గట్టిపడాలని పోగును పెదాల మధ్య ఒకసారి లాగి, మళ్ళీ గ్లాసుకు కట్టి, వినయంగా "నీట్ సార్" అన్నాడు.

"చీ, ఎంగిలి!" అంటూ బావమరిది లేచి నిలబడ్డాడు.

మొదలాళి పరుగెత్తుకొచ్చాడు. "గ్లాసులకు నూలు కట్టే తెలివి ఎవురిదప్పా?"

నాయన నా వైపు చూడనైనా లేదు. "నాదే సామీ."

నేను కాగితం పెట్టని మిషన్ మీద టకటకా టైపు కొడుతూనే ఉన్నాను.

"అయితే పోయి మగ్గమే నేసుకో, పో!"

బస్టాండు దాకా వెంట వెళ్ళాను. "నేను చెప్పుండాల నాయనా," అన్నాను.

"చెప్పుంటే ఇద్దురి పనీ పొయ్యుండును. పిచ్చిదానా, పోయి టైపు కొట్టుకో," అని బస్సెక్కాడు.

ఆ వారమే కొండసారాయి మళ్ళీ మా ఇంటికొచ్చింది. మరుసటి వానాకాలానికి నాయన లేడు.

మొన్న ఆనాటి డైరీ తీశాను. పిల్లి గోడ దూకినా మూడు పేజీలు నింపే పిల్లను. ఆ తేదీ కింద ఉన్నది మాత్రం ఇంతే: "ఈ రోజు నాయన పెందలాడే ఇంటికి పోయినాడు. ఎండ ఎక్కువ." ఎవరూ చూడకుండా దాచుకునే డైరీకి కూడా నిజం చెప్పడానికి సిగ్గుపడిన ఆ పిల్లను చూస్తే, ఏడుపు కంటే ముందు నవ్వే వస్తుంది.