ఎట్లుంటుండె నీ కొడుకు?

సహోదరీలారా, సహోదరులారా, ఏ తల్లయినా కడుపున పుట్టిన బిడ్డ ముఖం మరిచిపోతుందా అని మీరు అడిగితే, మరిచిపోతుందనే చెప్తాను, ఎందుకంటే నేను మరిచిపోయాను. నా పేరు రత్నమ్మ, ఉండేది సీతాఫల్‌మండిలో, మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పోలీసు యాక్షన్ రోజుల్లో మా ఏసోబు, ఐదేళ్లవాడు, జ్వరం వచ్చి పోయాడు. వాడి ఫొటో ఒక్కటి కూడా మేము తీయించుకోలేదు.

ఆ రోజులు ఎలాంటివో మీకు తెలుసు. నిజాం సర్కారు ఉంటుందో పోతుందో తెలియదు, పొద్దున ఒక మాట వింటే సాయంత్రానికి ఇంకో మాట, దుకాణాలు మూసేశారు, మా ఆయనను డ్యూటీ నుంచి ఇంటికి వదల్లేదు, పిల్లవాడి ఒళ్లు పెనంలా కాలిపోతుంటే జట్కా అతని కాళ్లు పట్టుకున్నాను, బండి కట్టనన్నాడు, అతన్ని మాత్రం ఏమనగలను, అతనికీ పిల్లలున్నారు గదా. చివరికి నేనే బిడ్డను భుజాన వేసుకుని దవాఖానాకు నడిచాను. డాక్టరమ్మ చూసింది, మందు పోసింది, కాని అప్పటికే చేయి దాటిపోయింది.

తర్వాత పరామర్శలు మొదలయ్యాయి. వచ్చినవాళ్లంతా నా మంచి కోరినవాళ్లే, ఒక్కరినీ తప్పు పట్టను, కాని మన పరామర్శ ఎలా ఉంటుందో మీరే గుర్తు చేసుకోండి. “ఎట్లయిందమ్మా? జ్వరం ఎన్నడొచ్చె? ముందుగాల్నే దవాఖానకు ఎందుకు తీస్కపోలే?” అంటారు. పుండు మీద కారం చల్లుతున్నామని వాళ్లకు తెలియదు. నేను జ్వరం వచ్చిన గడియ నుంచి చివరి ఊపిరి దాకా చెప్తాను, వాళ్లు ఏడుస్తారు, నేను ఏడుస్తాను, కొంగుతో ముఖం తుడుచుకునే లోపల బోయిగూడ నుంచి మా అత్తగారి తరఫువాళ్లు దిగుతారు, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. భయపడి ఊళ్లకు వెళ్లిపోయినవాళ్లు తిరిగి వస్తున్నకొద్దీ నెలల తరబడి ఇదే. చెప్పి చెప్పి అది నాకు పాఠంలా నోటికి వచ్చేసింది. అప్పటి నుంచి కళ్లు మూసుకుంటే ఎండిపోయిన ఆ పెదవులు, పైకి తేలిన ఆ కళ్లు తప్ప వాడి ముఖం ఇంకేదీ కనిపించేది కాదు. ఐదేళ్లు నా చంకలో తిరిగిన పిల్లవాడు నాకు లేకుండా పోయాడు.

ఎందుకు తీసుకుపోయావని దేవుణ్ని అడిగాను, కోపంతో అడిగాను, ఉపవాసముండి అడిగాను, ఏడాది దాటినా జవాబు లేదు. తర్వాత కోపం కూడా పోయింది. వట్టి అలసట మిగిలింది. ఆదివారం ఈ ప్రార్థన గుడికి వచ్చేదాన్ని, పాట అందుకునేదాన్ని కాదు. కూరలో ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు, మా ఆయన ఏమీ అనకుండా తినేవాడు.

అప్పుడు మా పక్క గదిలోకి జైనబ్‌బీ అనే ఆమె అత్తను వెంటబెట్టుకుని అద్దెకు దిగింది. వాళ్లది జిల్లాలో ఒక చిన్న పట్నం, రజాయిలు కుట్టే పని, తురకలైనా ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడతారు. ఆ గడబిడలో తమ్ముణ్ని వెతుక్కొస్తానని వెళ్లిన ఆమె భర్త తిరిగి రాలేదు. ఒక మధ్యాహ్నం మా చినిగిన రజాయి చూడటానికి వచ్చి, కొయ్యకు వేలాడుతున్న చిన్న అంగీ ఎవరిదని అడిగింది. నేను అలవాటుగా నా పాఠం మొదలుపెట్టాను. ఆమె మెల్లగా నా చెయ్యి పట్టుకుంది.

“గదంత తర్వాత చెప్పు అక్కా. ఎట్లుంటుండె నీ కొడుకు? నేను సూడలే గద. నవ్వితే ఎట్లుంటుండె?”

చెప్పబోయి కళ్లు మూసుకుంటే మళ్లీ ఆ ఎండిన పెదవులే కనిపించాయి. వాడు ఎలా పోయాడని ఊరంతా అడిగింది, ఎలా ఉండేవాడని అడిగిన మనిషి ఈమె ఒక్కతే, నేనైనా ఆ మాట దేవుణ్ని అడగలేదు. ఆమె వెళ్లాక పొయ్యి దగ్గరే మోకరించాను.

“ప్రభువా, ఎందుకు తీస్కపోయినవని ఇగ అడిగే ఓపిక నాకు లేదు. వాడు ఎట్లుంటుండెనో జెర యాది చెయ్యి. నువ్వే ఇచ్చినవు గద, నీకు యాదుంటది.”

వెంటనే ఏమీ జరగలేదు, ఉన్నమాట చెప్తున్నాను. ఆ ఆదివారం మన పాస్టరు అయ్యగారు ప్రార్థనకు నిలబడ్డారు, అయ్యగారు క్షమించాలి, వారు నిలబడితే పొయ్యి మీద అన్నం మాడాల్సిందే. ఆ ప్రార్థన నడుస్తూ ఉండగానే నాకు గుర్తొచ్చింది, మా ఏసోబు ఆకలికి ఆగలేక మధ్యలోనే గట్టిగా ఆమెన్ అనేసేవాడు, అందరూ వెనక్కి తిరిగితే ముందుపన్ను లేని నోరు చేత్తో మూసుకుని నవ్వేవాడు. ఆ నవ్వు, ఆ చెయ్యి, ఆ బుగ్గలు, నా బిడ్డ ముఖం మొత్తం నాకు తిరిగొచ్చింది. ఆ ప్రార్థనలో నేను నవ్వాను, ఏడ్చాను, మీరంతా నన్ను చూశారు. దేవునికే మహిమ!

ఇంటికి వెళ్లి ఇది చెప్తే మా ఆయన కంచం పక్కన పెట్టేశాడు. “కూత ఇని ఏ ఇంజనో చెప్తుండె గద, నా భుజం మీద కూసొని” అన్నాడు. ఆయనకు వాడి గురించి ఎంతో గుర్తుంది, పాపం, ఆయననూ ఎవరూ అడగలేదు. ఆ రాత్రి మేమిద్దరం గుర్తొచ్చినవన్నీ చెప్పుకున్నాం, జేబులో బెల్లం పెట్టుకుని చీమలు కుడితే చీమల మీద నాన్నకు ఫిర్యాదు చేయడం దాకా.

జైనబ్‌బీని కనిపించినవాళ్లందరూ “ఏమన్న కబురొచ్చిందా” అని అడిగేవాళ్లు, నేనూ అడిగేదాన్ని, లేదని చెప్పి చెప్పి ఆమె కూడా అలిసిపోయింది. మర్నాడు వెళ్లి పక్కన కూర్చుని, “మీ ఆయన ఎట్లుంటడు జైనబ్?” అన్నాను. ఆమె సూది పక్కన పెట్టింది. దీపం పెట్టే వేళ దాకా చెప్పింది, కుడుతూ పాడతాడట, రాగం ఒక్కటీ కుదరదట, వాళ్ల అత్త కూడా దగ్గరికి జరిగి కూర్చుని నవ్వింది. ఆయన ఇంకా రాలేదు. రోజూ ఆయన కోసం పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నాను, మీరూ చేయండి.

ఇప్పుడు స్త్రీల సమాజంతో కలిసి దుఃఖం ఉన్న ఇళ్లకు వెళ్తున్నాను. నాలుక ఇంకా పాత ప్రశ్న వైపే లాగుతుంది, పళ్ల మధ్య పట్టుకుంటాను. తన సమాధి దగ్గర ఏడుస్తున్న స్త్రీని, తిరిగి లేచిన ప్రభువు ఎవరిని వెతుకుతున్నావని అడిగాడు గదా, మన మనసులో ఉన్న మనిషి ఎవరో చెప్పించుకుని వినే దేవుడు ఆయన.

ఎందుకు అన్నదానికి నాకు ఇప్పటికీ జవాబు రాలేదు, అలసట కూడా పూర్తిగా తీరలేదు, దాచను. అయినా నా బిడ్డ నవ్వును నాకు తిరిగి ఇచ్చిన దేవుణ్ని వేయి నోళ్లతో స్తుతిస్తున్నాను, మీరూ ఆయన్ని నమ్ముకోండి, అడగండి. ఆ గడబిడలో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఈ వరసల్లో ఎంతోమంది ఉన్నారు, నాకు తెలుసు. ఆరాధన అయ్యాక నా పక్కన వచ్చి కూర్చోండి. ఎలా పోయారని అడగను, ఎలా ఉండేవారో చెప్పండి.