తార్నాక బెంచీ మీద నిద్ర మందు

మా రోజుల్లో కోపం ఊరికే వచ్చేది, నిద్రే కొనుక్కోవాల్సి వచ్చేది. అరవైల చివర్లో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదివేవాణ్ని. సిటీలో పుట్టి పెరిగానన్న పొగరొకటి. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ దగ్గరపడేసరికి నాకు నిద్ర కరువైంది. చేతులు వణికి, బ్యూరెట్ గొట్టం కుళాయి తిప్పితే చుక్కకు బదులు ధార పడేది. ఇలాగే వెళితే ఫెయిలు ఖాయం. తార్నాకలో మందుల షాపాయన డాక్టర్ చీటీ అడక్కుండానే ఒక సీసా చేతిలో పెట్టాడు. "అంత మూలికలే సార్, ఏం కాదు. పండుకునే ముందు రెండు చెంచాలు." (మూలికలనగానే మనకు తులసితీర్థం తాగినంత నమ్మకం.)

మందు చేదు విషం. అందుకని ఇరానీ హోటల్ నుంచి ఫ్లాస్కులో తెచ్చుకున్న చాయ్‌లో కలిపి తాగాను. నిద్ర రాలేదు. మర్నాడు నాలుగు చెంచాలు, దానికి తగ్గట్టు ఇంకాస్త చాయ్. గుండె దడదడలాడింది గానీ కన్ను మూతపడలేదు. పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం, మిగిలిందంతా గొంతులో పోసుకుని (అది పనిచేయదని రుజువు చేయడానికి!) ఖాళీ సీసాతో షాపు మీదికి పోయాను. గుంటూరు నుంచి వచ్చిన మా రూమ్మేట్ వెనకే పరుగు. "ఒరేయ్, అది మందురా, షర్బత్ కాదు!"

"పబ్లిక్‌ని ఉల్లు బనాయిస్తున్నవా? పన్జెయ్యని మందు అమ్ముతవా?" అని అరిచాను.

"గంత గరమైతరేంది సార్? గీడ పంకా కింద కూసోండ్రి. దేంతోని తాగిన్రు?"

"చాయ్‌తోని."

"నిద్ర మందు చాయ్‌ల కలిపిన్రా!"

దీటుగా జవాబివ్వడానికి నోరు తెరిచాను. తర్వాతిది రూమ్మేట్ చెప్పిందే. తిట్టు సగంలో ఉండగానే బెంచీ మీద ఒరిగి గురక పెట్టానట. ఎంత కుదిపినా లేవలేదట. షాపాయన హడలిపోయి, పక్కవీధి డాక్టర్ని పిలిపించి నాడి చూపించాడట. ప్రాణానికేం భయం లేదని తెలిశాక మాత్రం, వచ్చిన ప్రతి గిరాకీకీ నన్నే చూపించాడట. "చూసిన్రా? కొట్లాడనీకె వచ్చినోడు, ఎట్ల పండుకున్నడో!"

దీపాలు పెట్టేవేళకు లేచాను. షాపులో ఆ సీసా ఒక్కటీ మిగల్లేదు. కొన్నదంతా మా హాస్టల్ వాళ్లే. ఆ రాత్రి నా వాటా నిద్ర అయిపోయింది కనుక నేనొక్కణ్నే మేలుకున్నాను. మర్నాడు బ్యూరెట్‌లోంచి మళ్లీ ధారే. రెండోసారికి పాసయ్యాను, మందూ చాయ్ రెండూ లేకుండా.

ఇప్పుడు చేతిలో ఎప్పుడూ ఫోనే. నిద్ర మళ్లీ అలిగింది. ఇందాక ఫోన్లో నిద్ర బిళ్లలు కనబడ్డాయి. అన్నీ మూలికలేనట, చీటీ అక్కర్లేదట, కింద బోలెడన్ని స్టార్లు. "వేసుకోగానే పడిపోయాను" అని ఎవరో మురిసిపోయారు. పాపం, ఆయన అంతకుముందు ఎన్నాళ్లు నిద్రలేకుండా ఉన్నాడో, ఏ బెంచీ మీద పడ్డాడో ఎవరూ అడగలేదు. తార్నాకలో నేనూ ఒకప్పుడు అలాంటి స్టార్‌నే కదా అని నవ్వుకుంటూ, ఆర్డర్ నొక్కాను.

రెండో చేతిలో చాయ్ చల్లారుతోంది.