నకలు: పత్రికా సంపాదకులకు

మామిడికాయ కోసేటప్పుడు తొడిమ దగ్గర సొన చిమ్మి కాయ మీద పడుతుంది. పడినచోట నల్లటి మచ్చ. మచ్చ పడిన కాయను మండీలో పక్కకు నెట్టేస్తారు. ఈ సంగతి మా ప్రొఫెసర్‌గారికి చెప్పింది నేను. తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయం వర్క్‌షాపులో నేను ఫిట్టర్ని. ఢిల్లీ నుంచి ప్రభుత్వ నిధులు తెచ్చింది ఆయనే, కాదనను. కానీ కాయలు కోసే దోటి గడ చివర, కాయ పడే వల చిక్కానికి బ్లేడు బిగించి, సైకిలు బ్రేకు తీగతో లాగేటట్టు చేసి, తొడిమ అంగుళం మిగిలేలా, తెగిన కాయ తలకిందులై సొన నేలకే కారేలా అమర్చినవి నా చేతులు. ఆ బ్రేకు తీగ కూడా నా సైకిలుదే. ఇప్పటిదాకా తిరిగి ఇవ్వలేదు.

దానికి పేటెంటు వేద్దామన్నారు. ప్రభుత్వ సొమ్ముతో చేసిన పనికి పేటెంటు విశ్వవిద్యాలయం పేరిటే ఉంటుందనీ, దాని మీద ఏమైనా వస్తే కనిపెట్టినవాళ్లకు కొంత ఇస్తారనీ మా నిబంధనల పుస్తకంలో ఉంది. నాకు ఆ వాటా మీద ధ్యాస లేదు. ‘ఆవిష్కర్తలు’ అన్న గడిలో పేరుండాలి, అంతే. ఫారం చూస్తే అందులో ప్రొఫెసర్‌గారు, ఆయన దగ్గర పరిశోధన చేసే విద్యార్థిని, దోటిని ఏ చివర పట్టుకోవాలో తెలియని శాఖాధిపతి. నా పేరు ఆఖరి పేజీలో ‘సహకరించినవారు’ కింద, జీపు డ్రైవరు తర్వాత. డ్రైవరు మంచివాడే. కానీ ఆయన తర్వాతా?

అర్జీ రాశాను. బ్లేడు ఎటు తిరగాలో, తీగ ఎక్కడ ముడి పడాలో కొలతలతో రాసి, బొమ్మ గీసి జతచేశాను. లేకపోతే నేనే చేశానని ఎవరు నమ్ముతారు? ఆఫీసులో ఇచ్చి తేదీ ముద్ర కొట్టించుకున్నాను. నా అర్జీలన్నిటికీ అడుగున నకళ్ల జాబితా ఉంటుంది. వార్షికోత్సవంలో నన్ను మూడో వరుసలోంచి లేపి ఐదో వరుసకు పంపినప్పుడు కూడా తొమ్మిది నకళ్లు వెళ్లాయి. ఈసారి చివరి నకలు ఒక స్థానిక పత్రికకు.

“అర్జీ ఆఫీసుకిస్తే సాలదా? ఊరంతా పంచేదానికి అదేమన్నా పెండ్లిపత్రికా?” అంది నా భార్య. నేను వినలేదు.

పత్రిక వేసింది. బొమ్మ పెద్దగా, కొలతలు చక్కగా. నా పేరున్న చోట మాత్రం ‘పేరు చెప్పడానికి ఇష్టపడని ఉద్యోగి’ అని వేశారు. నాకు మేలు చేశామనుకున్నారు కాబోలు. పేరు కోసమే కదా నేను రాసింది!

మరుసటి రోజు పేటెంట్ల పని చూసే మేడమ్ పిలిపించారు. చిత్తూరు ఆవిడ, నాకన్నా చాలా చిన్న. ప్రొఫెసర్‌గారు అప్పటికే కూర్చుని ఉన్నారు. నాకు కుర్చీ చూపించలేదు, అది వేరే సంగతి.

“ఈ బొమ్మ మీరు గీసిందేనా సార్?”

“నేనే గీసినాను మేడమ్. బొమ్మ లేకుంటే ఎట్ల అర్థమవతాది?”

ఆవిడ తల పట్టుకున్నారు. “సోమవారం అప్లికేషన్ వేసేదుండాది సార్. వేసేలోపల అందరికీ తెలిసిపోతే అది కొత్తది కాదంటారు. పేటెంటు రాదు.”

ఆ మాట అని ఒక కాగితం నా ముందుకు తోశారు. సవరించిన ఫారం. ఆవిష్కర్తల గడిలో మొదటి పేరు నాది. నా అర్జీలోని బొమ్మనూ దాని తేదీ ముద్రనూ చూసి, ముందురోజే పేటెంట్ల కమిటీ ఒప్పుకుందట. శాఖాధిపతి పేరు కొట్టేశారు. రెండుసార్లు చదివాను. నా ఇంటిపేరు కూడా తప్పు లేకుండా రాశారు.

“ఒక దారుండాది,” అన్నారు మేడమ్. “మీకు ఇష్టం లేకుండా పేపరోళ్లు వేసుకున్నారంటే దెబ్బ తప్పుతాది. మిమ్మల్ని అడక్కుండానే వేసినారు కదా?”

“ఔనని చెప్పప్పా,” అన్నారు ప్రొఫెసర్‌గారు. “మూడేండ్ల పని.”

ఆ గడిలో పేరు కోసం ఒక్క అబద్ధం చెప్పేవాణ్ణేమో. కానీ నేనే కనిపెట్టానని రుజువు చేసిన ఆ అర్జీ అడుగునే, నా చేతిరాతలో, ‘నకలు: పత్రికా సంపాదకులకు, ప్రచురణ కోరుతూ’ అని ఉంది. మేడమ్ పేజీ తిప్పి చదివారు.

“ఆ పేజీ తీసేస్తే?” అన్నారు ప్రొఫెసర్‌గారు.

“ముద్ర ఆ పేజీ మీదనే ఉండాది సార్.”

“నీ ముద్రల పిచ్చి తగలెయ్యప్పా!” అన్నారు. ఆ మాట నేను మరచిపోలేదు.

అప్లికేషన్ వేయలేదు.

పోయిన మామిడి కాపుకు పుత్తూరు దగ్గర ఒక తోటకు వెళ్తే, కాయలు కోస్తున్న పెద్దాయన చేతిలో నా దోటి! లేతు షాపులో చేయించాడట.

“పేపర్లో బొమ్మ పడింటే కత్తిరించి చూపిచ్చినా,” అన్నాడు. “చేసినోడు పేరు చెప్పేదానికి కూడా భయపడినాడంట, పిరికోడు.”

“పిరికోడు కాదు. నేనే.”

నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. “నువ్వేనా? అయితే ఇట్ల రాబ్బా. పది కాయలకోసారి తీగ పట్టేస్తాండాది. ఏం చేసి సచ్చినావో!”

బ్లేడు తిరగేసి బిగించారు. బొమ్మలో బాణం గుర్తు వేసే ఉంది, చూడలేదు. అక్కడే గొంతుకూర్చుని విప్పి సరిగ్గా బిగించాను. ఆయన ఒక కాయ కోశాడు. సొన చుక్కలు చుక్కలుగా మట్టిలో పడింది. కాయను అటూఇటూ తిప్పి చూసి, తోట అవతలికి కేకేశాడు:

“ఒరే, దోటి చేసినాయన వచ్చినాడు! మీవీ తీసుకరండ్రా, బాగుచేస్తాడు!”

ఆరు దోట్లు వచ్చాయి. ఆరింటికీ బ్లేడు తిరగేసే ఉంది. అక్కడ కూడా ఎవరూ కుర్చీ వేయలేదు.