ఓబులేష్ లాప్‌టాప్‌కు పెట్టిన ముహూర్తం

రాజవంశాల చరిత్రను పట్టాభిషేకాలతో లెక్కపెడతారు. కడపలో ఏడు రోడ్ల దగ్గరి సందులో ఉన్న నరసింహ డిజిటల్స్ అనే ఫొటో స్టూడియో చరిత్రను మాత్రం మూఢాలతో లెక్కపెట్టాలి. శుక్రుడు సూర్యుడి వెలుగులో కనపడకుండా పోయే ఆ రోజుల్లో పెళ్లిళ్లుండవు. పెళ్లిళ్లు లేకపోతే ఫొటోగ్రాఫర్‌కు పనుండదు. పని లేనప్పుడే స్టూడియో యజమాని ఓబులేష్ స్క్రూడ్రైవర్ పడతాడు. మంచి రోజుల్లో ఆయన స్క్రూడ్రైవర్ ముట్టుకున్నట్టు ఇరవై రెండేళ్ల చరిత్రలో ఎక్కడా ఆధారం దొరకదు. ఫ్యాన్ కటకటమన్నా, లైటు స్టాండు ఒంటికాలి మీద నిలబడినా "మూఢం రానీ" అనేవాడు. ఒక మూఢంలో తలుపుకు కొత్త మేకులు పడ్డాయి. ఇంకో మూఢంలో పాస్‌పోర్ట్ ఫొటోల వెనక వేలాడే నీలం పరదాకు కుట్లు పడ్డాయి. మొన్నటి మూఢంలో లాప్‌టాప్ వంతు వచ్చింది.

ఈ ఆచారానికి ఒక శాసనముంది. మూఢంలో పాతదాన్ని బాగుచేయొచ్చు గానీ కొత్తదాన్ని మొదలుపెట్టకూడదు. శాసనకర్త ఓబులేషే. భార్య సుజన దీన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు. "పెళ్లిళ్లకు గదా మూఢం, ప్లగ్గులకు ఏంది?" అనేది. ఆ మాటకు జవాబు చెప్పడం ఆయన తన స్థాయికి తగదనుకునేవాడు.

లాప్‌టాప్ ఏడేళ్లది. ఆన్ చేసి టీ తాగి వచ్చేదాకా గిరగిరా తిరుగుతుంది. ఈ మధ్య రోజూ పొద్దున్నే, నీ విండోస్‌కు కాలం తీరింది, కొత్తది ఎక్కించుకునే యోగ్యత నీ యంత్రానికి లేదు అని తెరమీద నోటీసు ఇస్తోంది. స్టూడియో మేడ మీద అద్దెకుండే ఏసుమణి ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూస్తుంది. ఆమెకు చూపించాడు.

"పారేయొద్దన్నా. విండోస్ అట్లే ఉంటాది. పక్కన లినక్స్ అని ఇంకో సిస్టం వేసుకో. ఆన్ చేసినప్పుడు ఏది కావాల అని అదే అడుగుతాది."

"ఒకే ఇంట్లో ఇద్దరా మేడమ్?"

"ఇద్దరూ ఒకేసారి లేవరులే. ఒకరు లేస్తే ఒకరు పండుకోనుంటారు."

"మా ఇంట్లో మాదిరే" అంది సుజన.

ఏసుమణి ఒక పెన్ డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించి ఇచ్చింది. చేయవలసిన పనులు వరసగా ఒక తెల్లకాగితం మీద రాసింది. మొదటి వరస కింద రెండు గీతలు గీసింది: ఫొటోలన్నీ ముందు వేరే దాంట్లోకి ఎక్కించుకో. ఓబులేష్ ఆ వరసను శ్రద్ధగా చదివాడు. చదవడంతోనే దానికి చేయవలసిన మర్యాద అయిపోయిందనుకున్నాడు. ఎందుకంటే విడిగా ఉన్న హార్డ్ డిస్క్ నిండిపోయింది. కొత్తది కొనాలి. కొత్తది మూఢంలో కొనకూడదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ లాప్‌టాప్‌లో కమలాపురం నాగలక్ష్మమ్మ కూతురు శ్రావణి పెళ్లి ఫొటోలున్నాయి. మొత్తం నాలుగు వేల మూడు వందల పన్నెండు. మూఢానికి ముందు పదకొండు రోజుల్లో తొమ్మిది పెళ్లిళ్లు తీశాడాయన. ఒక పెళ్లి ఫొటోలు లాప్‌టాప్‌లోకి ఎక్కించడం, కెమెరా కార్డు తుడిచేయడం, ఇంకో పెళ్లికి పరుగెత్తడం. కాబట్టి శ్రావణి పెళ్లి ఆ లాప్‌టాప్‌లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదని ఆయన లెక్క. ఆ పెళ్లికి శ్రావణి తాత పుల్లయ్యను కుర్చీతో సహా మోసుకొచ్చారు. పక్షవాతమొచ్చిన మనిషి ఎడమ చేత్తో అక్షింతలు వేసి, పది నిమిషాలుండి వెళ్లిపోయాడు. "ఆ ఫొటో గోడ నిండా రావాలప్పా" అని నాగలక్ష్మమ్మ మండపంలోనే చెప్పింది.

మూఢం మొదలైన పన్నెండో రోజు పొద్దున ఓబులేష్‌కు ధర్మసందేహం వచ్చింది. రెండో సిస్టం వేయడం బాగుచేయడం కిందికి వస్తుందా, మొదలుపెట్టడం కిందికి వస్తుందా? గంటసేపు ఆలోచించి, ఈ ప్రాంతంలో ఎవరికీ తట్టని ఉపాయం కనిపెట్టాడు. లాప్‌టాప్‌కు మూఢమని తెలిస్తేనే గదా దోషం! ఆన్ చేయగానే ఒక మీట నొక్కి, లోపలి సెట్టింగుల్లోకి దూరి, యంత్రం తేదీని పద్నాలుగు రోజులు వెనక్కి తిప్పాడు. అది శ్రావణి పెళ్లి రోజు. సమయం తొమ్మిది నలభై. శ్రావణికి పనికొచ్చిన ముహూర్తం లాప్‌టాప్‌కు పనికిరాదా అని ఆయన వాదన. తర్వాత లినక్స్ ఎక్కేటప్పుడు, తేదీని తనంతట తానే సరిచేసుకునే ఏర్పాటు ఒకటి కనపడితే దాన్ని కూడా ఆపేశాడు. యంత్రాలకు నిజం చెప్పేసే దుర్గుణముందని ఆయనకు తెలుసు.

అంతా సుఖంగా జరిగింది. ఎంత ఎక్కిందో చూపించే గీత నిండింది. పెన్ డ్రైవ్ తీసేసి మళ్లీ ఆన్ చేయమంది. చేశాడు.

ఏది కావాలని అది అడగలేదు. నేరుగా లినక్స్ లేచి కూర్చుంది. విండోస్ పేరు ఎక్కడా లేదు.

ఆపి మళ్లీ ఆన్ చేశాడు. లేదు. ఇంకోసారి చేశాడు. కొత్త సిస్టం ఈసారి కూడా అంతే హుషారుగా లేచి, ఊదారంగు తెరతో స్వాగతం పలికింది. డిసెంబరు చలిలో ఓబులేష్ చొక్కా వీపుకు అతుక్కుంది. ఫైళ్లు చూపించే చోట ఎడమ వైపు పాత డిస్క్ పేరొకటి కనపడింది. ప్రాణం లేచొచ్చింది. దాని మీద నొక్కాడు. తెరవడం కుదరదని ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి అది మూసుకుంది. లేచొచ్చిన ప్రాణం మళ్లీ కూర్చుంది.

అప్పుడే ఫోన్ మోగింది.

"ఏమప్పా ఓబులేసూ, నేను నాగలక్ష్మమ్మను. కడపలో బ్యాంకు పనుండాది, బస్సెక్కినా. ఆల్బమ్ ఫొటోల పని గూడా ఈరోజే చూసుకుందాం. స్టూడియోలోనే ఉంటావు గదా?"

"ఉంటానమ్మా" అన్నాడు ఓబులేష్. ఆ మాట ఎవరో పక్కనుంచి అన్నట్టు వినపడింది.

కమలాపురం నుంచి కడపకు బస్సులో గంట. ఆ గంట ఎంత చిన్నదో ఆయనకు ఆ రోజే తెలిసింది. ఏసుమణికి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు, ఎత్తలేదు. ఐదోసారి గొంతు తగ్గించి ఎత్తింది.

"ఏందన్నా?"

"మేడమ్, విండోస్ పోయింది. శ్రావణి పెళ్లి పోయింది."

"ఏం పోలేదు, ఉండు. ఆపేటప్పుడు విండోస్ పూర్తిగా పండుకోదన్నా. ఒక కన్ను తెరిచే ఉంటాది. అందుకే దాని గది ఇంకొకరికి తెరవనీదు. దాన్ని మళ్లీ లేపాల, అంతే. ఒక చిన్న ప్రోగ్రాం తెప్పిస్తే ఆన్ చేసేటప్పుడు దాని పేరు గూడా చూపిస్తాది. నేను మెసేజ్ పెడతాండా, అట్లే టైప్ చేయి. ఒక్క అక్షరం మార్చొద్దు. ఫొటోలుండే చోట ఏమీ తుడవద్దు."

"తుడవద్దు" అనే మాట ఆయన చెవిలో కాసేపు తిరిగింది. అంటే తుడిచే అవకాశం కూడా ఉందన్నమాట.

నల్ల తెరమీద తెల్ల అక్షరాలు ఒక్కొక్కటే కొట్టాడు. మీటల శబ్దానికి తానే ఉలిక్కిపడ్డాడు. ఎంటర్ నొక్కే ముందు గోడ మీది నరసింహస్వామి పటం వైపు చూశాడు. నొక్కాడు. యంత్రం కాసేపు గొణిగి ఒక వాక్యం రాసింది. ఓబులేష్ ఇంగ్లీషుతో పెద్దగా పొత్తు లేని మనిషే. కానీ ఆ వాక్యం చదివి కుర్చీ వెనక్కి జరిపి, మళ్లీ ఏసుమణికి ఫోన్ చేశాడు.

"మేడమ్, ఇది ఇంకా పదమూడు రోజుల తొమ్మిది గంటల దాకా చెల్లదంటాండాది."

"ఏంది చెల్లనిది?"

"తెప్పించేది. అంత కచ్చితంగా చెప్తాండాదంటే దానికి తెలిసిపోయింది మేడమ్."

"ఏం తెలిసిపోయింది?"

మూఢం సంగతి అని ఓబులేష్ మనసులోనే అనుకున్నాడు. మన పంతుళ్లు కూడా గంటలతో సహా చెప్పరు.

"అన్నా, తెర పైన తేదీ ఎంత ఉండాదో చదువు."

ఓబులేష్ తెరమీది తేదీకి వేలు అడ్డం పెట్టాడు.

"ఓబులేషన్నా. పిల్లోళ్లు చూసి రాసుకుంటాండారు, నేను లోపలికి పోవాల. తేదీ ఎంత?"

"శ్రావణి పెళ్లి రోజు."

"ఎందుకుండాది?"

"నేనే తిప్పినా. మూఢంలో కొత్తది మొదలుపెట్టకూడదని."

పరీక్ష హాలు బయట కూడా నవ్వకూడదు కాబట్టి ఏసుమణి ఏం చేసిందో తెలియదు. తర్వాత మామూలు గొంతుతోనే చెప్పింది.

"నువ్వు రెండు వారాలు వెనక్కి పోయి కూర్చున్నావు. అది తెచ్చే సరుకు నిన్న తయారైంది. రెండు వారాల ముందరి మనిషికి నిన్నటి సరుకు ఎట్లా ఇస్తారన్నా? దొంగ సరుకు అనుకుంటాది. తేదీ ఈరోజుకు తీసుకురా."

ఇదొక కష్టమైన ఘట్టం. తేదీ ముందుకు తెస్తే, పొద్దున కట్టిన పెళ్లి మండపంలోకి తన చేత్తోనే మూఢాన్ని పిలిచినట్టవుతుంది. తేకపోతే నాగలక్ష్మమ్మ వస్తుంది. ఓబులేష్ రెంటినీ తూచి చూశాడు. శుక్రుడు దూరంగా ఉంటాడు, నాగలక్ష్మమ్మ బస్సులో వస్తోంది. తేదీ మార్చాడు.

ఈసారి ఆజ్ఞ నొక్కగానే యంత్రం గబగబా వరసలు చిమ్మింది. ఏదో తెచ్చింది, ఏదో విప్పింది, చివర ఒక వరసలో విండోస్ అనే మాట మెరిసింది. అది మెరిసిన క్షణానే గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు.

"ఏమప్పా, ముఖం అట్లుండాది? జరమా?"

"రాండమ్మా, కూర్చోండి. జరం లేదు. అప్‌డేట్ అవుతాండాది."

"నీకా, దానికా?"

నాగలక్ష్మమ్మ గట్టిగా నవ్వి, సంచీ ఒళ్లో పెట్టుకుని, పాస్‌పోర్ట్ ఫొటోల స్టూలు మీద కూర్చుంది. సుజన టీ తెచ్చింది. ఓబులేష్ లాప్‌టాప్‌ను కొంచెం పక్కకు తిప్పుకుని మళ్లీ ఆన్ చేశాడు. నల్ల తెరమీద రెండు పేర్లు వచ్చాయి. రెండోది విండోస్. బాణం మీటతో దాని దగ్గరికి దిగి ఎంటర్ నొక్కాడు. చుక్కలు గుండ్రంగా తిరిగాయి. హమ్మయ్య అనుకునేలోగా చుక్కల కింద ఒక వాక్యం పడింది: డిస్క్‌ను తనిఖీ చేసి మరమ్మతు చేస్తున్నాం, పదకొండు శాతం.

మరమ్మతు చేయడానికి లోపల ఏం విరిగింది?

"అప్పా, నేను చెప్పొచ్చేది ఏమంటే" అంది నాగలక్ష్మమ్మ.

"తొందరేముందమ్మా, టీ తాగండి" అన్నాడు ఓబులేష్. ఆమె నోట ఫొటోలనే మాట వస్తే తన గుట్టు బయటపడుతుందని భయం.

పదకొండు పదకొండుగానే ఉంది. ఆమె టీ అయిపోయింది. ఇంకో టీ ఇప్పించాడు. పన్నెండు. ఆయనకు కళ్లముందు ఒక్కొక్క శాతానికి నలభై ఫొటోలు రాలిపోతున్నట్టుంది. జీలకర్ర బెల్లం పోయింది. తలంబ్రాలు సగం పోయాయి. పుల్లయ్య ఎడమ చేయి గాల్లోనే ఆగిపోయింది. ఆ మనిషి దగ్గరికి వెళ్లి, తాతా, ఇంకొకసారి అక్షింతలు వేయి అని ఎట్లా అడగడం? పెళ్లికూతుర్ని అత్తగారింటి నుంచి పిలిపించి, మళ్లీ పీటల మీద కూర్చోబెడితే ఎవరైనా ఒప్పుకుంటారా? దానికైనా మూఢం పోవాలి.

"బ్యాంకు మూసేస్తారప్పా" అంది నాగలక్ష్మమ్మ.

"ఒక్క అయిదు నిమిషాలమ్మా."

"అరగంట నుంచి ఆ అయిదు నిమిషాలే చెప్తాండావు."

సుజన లోపలి నుంచి తొంగిచూసి, భర్త ముఖం చూసి, మూడో టీకి పాలు పెట్టింది. అటు నుంచి ఏసుమణి మెసేజ్: "ఏమైందన్నా?" ఆయన ఫోన్‌ను బోర్లించి పెట్టాడు. నలభై మూడు. నలభై మూడు. హఠాత్తుగా వంద. తెర ఒక్కసారి పూర్తిగా నల్లబడింది. నరసింహ డిజిటల్స్ చరిత్రలో అంతకంటే పొడవైన చీకటి లేదు.

తర్వాత విండోస్ లేచింది. ఎప్పటిలాగే నిదానంగా, కాలం తీరిందన్న నోటీసుతో సహా లేచింది. ఓబులేష్ శ్రావణి పెళ్లి అని పేరున్న ఫోల్డర్ తెరిచాడు. కింద మూలన అంకె వచ్చింది: 4,312. పుల్లయ్య ఎడమ చేయి గాల్లోనే ఉంది గానీ, దాంట్లోంచి అక్షింతలు రాలుతున్నాయి. ఓబులేష్ తువ్వాలుతో ముఖం, మెడ, చివరికి మీటల మీది చెమట కూడా తుడుచుకుని, విజయం సాధించిన సేనాపతిలా లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాడు.

"చూడండమ్మా. ఒక్కటి పోలేదు. నిదానంగా ఏరుకోండి."

"ఇంకా ఏరేదేముందప్పా?" నాగలక్ష్మమ్మ సంచీలోంచి నోటుపుస్తకం కాగితం తీసి బల్ల మీద పెట్టింది. నిండా అంకెలు. "నూట ఇరవై ఫొటోల నంబర్లు రాసుకొచ్చినా. వచ్చినప్పటి నుంచి ఇదే చెప్పాలని చూస్తాండా, నువ్వు టీలు తాపిస్తాండావు."

"యాడ చూసి రాసినారమ్మా?"

"ఇంట్లో, టీవీకి పెట్టి. నాలుగుసార్లు చూసినాం. పెళ్లైన మరుసటి రోజు మా పిల్లోడు అవినాష్ బస్టాండులో కలిస్తే నువ్వే అన్నీ ఎక్కించి ఇచ్చినావు గదా! వాడు వాపసు ఇచ్చి రమ్మన్నాడు." ఆమె సంచీ అడుగున వెతికి ఒక పెన్ డ్రైవ్ తీసి కాగితం మీద పెట్టింది.

దానికి అంటించిన చీటీ మీద "శ్రావణి పెళ్లి, మొత్తం, 4312" అని రాసుంది. రాత ఓబులేష్‌దే.