కింది కంటికి కాటుక

ప్రభుదాసు కెమెరాకు రెండు కళ్ళు, ఒకదాని మీద ఒకటి. పై కన్ను చూడడానికి, కింది కన్ను ఫోటో తీయడానికి. చూసేవారు ఒకరు, ముద్ర వేసేవారు మరొకరు అనే ఈ ఏర్పాటు మన కార్యాలయాల్లో ఎలా నడుస్తుందో కెమెరాలోనూ అలాగే నడుస్తుంది. పైవారికి కనిపించిందల్లా కిందివారికీ కనిపించే ఉంటుందన్న నమ్మకం మీద.

ఆ ఉదయం అమరచింతలో తన ఇంటి వాకిట్లో కూర్చుని కెమెరా తుడుచుకుంటూ ప్రభుదాసు ఆ నమ్మకం పోగొట్టుకున్నాడు. కింది కంటికి నట్టనడుమ కందిగింజంత నల్లచుక్క ఉంది. తాకితే జిడ్డుగా వేలికి అంటింది. వాసన చూశాడు. ఆముదం. అంటే కాటుక.

"బాలమణీ, దీనికి కాటుక నువ్వేమన్న వెట్టినవా?"

"నా కండ్లకే దిక్కు లేదు, నీ డబ్బకు వెడ్తనా?" అంది లోపలి నుంచి భార్య.

ఎవరు పెట్టి ఉంటారో అతనికి అప్పుడే తట్టింది. తుడవడం ఆపేశాడు. ఎందుకంటే రాజోలి నుంచి నర్సింహులు అప్పటికే బస్సెక్కాడు, చచ్చిపోయిన తన ఎద్దు ఫోటో కోసం. ఈ లోకంలో ఆ ఎద్దుకున్న ఒకే ఒక్క ఫోటో ఈ కాటుక కన్ను వెనక, ఇంకా కడగని రీలులో ఉంది. ఉంటే గనక.

ప్రభుదాసు టైల్స్ మేస్త్రీ. పుట్టింది అమరచింతలోనే గానీ, పెరిగింది తల్లిదండ్రులు మట్టి మోసిన ఊళ్ళన్నింటిలోనూ. మీసాలు రాకముందే పూనాలో గోడలు కూల్చే పనికి కుదిరాడు. ఒకసారి మూతపడ్డ ఫోటో స్టూడియోను కూల్చాల్సి వచ్చింది. గోడలతో పాటు ముసలి యజమాని తన రెండు కళ్ళ కెమెరాను కూడా చెత్తలో వేయబోతుంటే ఇతను చేతులు చాచాడు. ఆయన కెమెరా ఇచ్చి, రీలు ఎక్కించడం, కడగడం కూడా నేర్పి మరీ పంపాడు. కుర్రవాడి బతుకు బాగుచేశానని పాపం ఆయన అనుకొని ఉంటాడు. సెలవు రోజున తోటి కూలీలు సినిమాకు పోతే ఇతను రీలు కొనుక్కునేవాడు.

ఆ కెమెరాను పొట్టకు ఆనించుకుని, తల వంచి పైనుంచి తొంగిచూడాలి. గాజుపలక మీద లోకం కుడిఎడమలు తారుమారై, ఇప్పుడే నీళ్ళు చల్లిన వాకిలిలా మెరుస్తూ కనిపిస్తుంది. అది చూస్తున్నంతసేపూ ప్రభుదాసు ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తాడు. ఎదుట నిలబడినవాళ్ళు అతను తమకు దండం పెడుతున్నాడనుకుని తిరిగి దండం పెట్టిన సందర్భాలున్నాయి. రీలుకు పన్నెండు ఫోటోలు. ఫోను ఉన్నవాళ్ళు ఒక్క బిర్యానీ ముందు కూర్చుని తీసేటన్ని. ఇతనికి మాత్రం అవి నెలల తరబడి వస్తాయి.

అతని దగ్గరే ఉన్న రెండో కెమెరా మరీ తొందర మనిషి. నొక్కగానే ఫోటోను నాలుకలా బయటపెడుతుంది. క్రిస్మస్‌కూ, పుట్టినరోజులకూ దానికే గిరాకీ. బొమ్మ తేలేలోపు జనం దాన్ని విసనకర్రలా ఊపుతారు. ఊపొద్దని చెప్పి చెప్పి విసిగి, ఇప్పుడు ప్రభుదాసే నాలుగుసార్లు ఊపి ఇస్తున్నాడు.

ఈ రెండూ వెంటబెట్టుకుని మొన్న వేసవిలో రాజోలికి, నర్సింహులు కొత్త ఇంట్లో టైల్స్ వేయడానికి పోయాడు. నర్సింహులు ఎడ్ల పేర్లు పెద్దోడు, చిన్నోడు. బండలాగుడు పందేల్లో, కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డంతా పేరు మోసిన జత. ఆ జతను ఫోటో తీసినవాడు మాత్రం లేడు. ఎవరైనా ఫోను ఎత్తితే నర్సింహులు తువ్వాలు పరిచి అడ్డం నిలబడేవాడు.

"పొద్దుగూకే యాళ్ళకు అందరి స్టేటసుల్ల నా ఎడ్లే ఉంటయి. ఊరూర్ల కండ్లు పడ్తయి తమ్మీ," అన్నాడు ప్రభుదాసుతో. నాలుక బయటపెట్టే కెమెరాను కూడా అదే కారణంగా వద్దన్నాడు. రెండు కళ్ళ కెమెరా దగ్గర ఆగాడు.

"గిండ్ల ఎప్పుడు కనబడ్తది?"

"కడిగినంక."

"కడిగేదాంక?"

"నాకు గూడ కనబడదన్నా."

ఎవరికీ కనబడని ఫోటోకు దిష్టి తగలదని నర్సింహులు తీర్పు చెప్పాడు. ఏ పై కోర్టూ ఆ తీర్పును తప్పు పట్టలేదు. మిట్టమధ్యాహ్నం, మండే ఎండలో, జతను నిలబెట్టి ప్రభుదాసు ఒకే ఒక్క ఫోటో తీశాడు. రీలు ఇంకా మిగిలి ఉంది కాబట్టి కడగలేదు. నెలలు గడిచాయి.

మొన్న పెద్దోడికి కడుపు ఉబ్బింది. పశువుల డాక్టరు వచ్చేలోపే పోయాడు. మర్నాడు నర్సింహులు ఫోను చేశాడు.

"తమ్మీ, ఆ డబ్బల మా పెద్దోడు ఉన్నడు గద?"

"ఉన్నడన్నా," అన్నాడు ప్రభుదాసు, జామీను సంతకం పెట్టినంత ధీమాగా. మిగిలిన రీలును తన ఇంటి గోడ మీద తగలేసి, కడగడానికి సిద్ధం చేసుకున్నాడు. కాటుక కనిపించింది ఆ తర్వాతే.

ఇప్పుడు మిగిలింది ఒక్కటే ఆశ. కాటుక ఫోటో తీశాక పెట్టి ఉండాలి. బాలమణి చేత నర్సింహులు భార్య రుక్కమ్మకు ఫోను చేయించాడు.

"వెట్టిన చెల్లె," అంది రుక్కమ్మ, దాచిపెట్టే పనే లేనట్టు. "గది గూడ కన్నే గద? ఎడ్ల మీద పడొద్దని వెట్టిన."

"ఫోటో దిగక ముందటనా, దిగినంకనా అక్కా?"

"ముందటనే. దిగినంక వెడితే ఏం ఫాయిద? నీ మొగడు మంచినీళ్ళు తాగబోయిండు, నేను వెట్టిన."

"రెండు కండ్లున్నయి గద. కిందిదానికే ఎందుకు వెట్టినవు?"

"పైకెల్లి నీ మొగడు సూస్తుండు, మనోడే. కిందికెల్లి ఎవలు సూస్తుండ్రో నాకేం తెల్సు?"

ప్రభుదాసు గోడకు చేరగిలబడ్డాడు. ఎండ ఎక్కువైతే కెమెరా కంటిపాపను, అంటే వెలుగు దూరే రంధ్రాన్ని, చిన్నది చేయాలి, ఆ రోజు బాగా చిన్నది చేశాడు. పాప ఎంత చిన్నదైతే చుక్క అంత పెద్దది. పై కంట్లోంచి ఎడ్లు పువ్వుల్లా కనిపిస్తుంటే, కింది కంటికి కాటుక తప్ప ఏమీ కనిపించి ఉండకపోవచ్చు.

"ఆయనకు ఏం జెప్తవు?" అడిగింది బాలమణి.

"కడిగినంక జెప్త."

"కడిగినంక ఏం రాకుంటే?"

అంతలోనే నర్సింహులు గుమ్మంలో ఉన్నాడు. గడ్డం పెరిగింది. చాయ వద్దన్నాడు, కూర్చోమంటే వద్దన్నాడు.

"కడుగు తమ్మీ. నాకు ఇంగ ఏమొద్దు."

చీకటిగది అంటే జొన్నబస్తాలు పెట్టుకునే గదే. కిటికీకి గొంగడి, తలుపు సందులకు బాలమణి పాత చీరలు. రీలును దాని వెనక అంటిన కాగితం నుంచి విడదీసి, చేతి తడుములాటతో ప్లాస్టిక్ చుట్టకు ఎక్కించి, డబ్బాలో పెట్టి మూత బిగించాలి. మూత పడేవరకూ నూలుపోగంత వెలుగు తగిలినా అంతా మాసిపోతుంది. మామూలుగా ప్రభుదాసు కూనిరాగం తీస్తూ చేసే పని. ఆ రోజు చేతులు చెమర్చి రీలు మధ్యలో ఇరుక్కుంది. లాగితే చినుగుతుంది. వదిలితే చుట్టుకుపోతుంది. రెండూ చేయకుండా నిలబడ్డాడు.

తలుపు దబదబ మోగింది.

"తమ్మీ! ఒక్కనివే సూస్తున్నవా?"

"నాకే ఏం కనబడ్తలేదన్నా!"

"కనబడకుంటే మరి ఇంతసేపు ఏం జేస్తున్నవు? ముందుగాల నేను సూడాలె. దర్వాజ తియ్!"

తలుపు కదిలింది. కింద కుక్కిన చీర జరిగిన చప్పుడు చీకట్లో స్పష్టంగా వినిపించింది. ప్రభుదాసు రీలు మీదికి వంగి, ఒంటితో దాన్ని కప్పుకున్నాడు. మేస్త్రీగా అతని వీపు వెడల్పైనదే గానీ వెలుగును ఆపేంత కాదు.

అప్పుడు బాలమణి గొంతు, తలుపుకు అతి దగ్గరగా వినబడింది. వీపు తలుపుకు ఆనించి నిలబడినట్టుంది.

"అన్నా, ఇప్పుడు దర్వాజ తెరిస్తె పెద్దోడు మల్ల పోతడు."

బయట అలికిడి ఆగిపోయింది. లోపల ప్రభుదాసు వేళ్ళు కూడా ఎందుకో కుదురుకున్నాయి. రీలు జారి చుట్టలోకి వెళ్ళింది. మూత బిగించాడు.

ఆ తర్వాత వాకిట్లో డబ్బాలో మందు పోసి కలుపుతూ ప్రభుదాసు కళ్ళు మూసుకున్నాడు. ఆదివారం చర్చిలో పాస్టరు ఎంత చెప్పినా ఎన్నడూ అంత గట్టిగా మూయలేదు. రీలు బయటకు తీసి వెలుగుకు పట్టాడు. మొదటి ఫోటోలన్నీ చిక్కగా ఉన్నాయి. ఎడ్ల దగ్గరికొచ్చేసరికి నీళ్ళ మజ్జిగలా పలచబడింది. ఇంకా దగ్గరగా పట్టుకున్నాడు. కొమ్ములు ఉన్నాయి. రెండు జతలు.

నర్సింహులు తొంగిచూసి వెనక్కి తగ్గాడు.

"ఇవి నావి గావు. నల్లగున్నయి."

"రీలుల తెల్లది నల్లగనే పడ్తదన్నా. కాగితం మీద మల్ల తెల్లగైతది." ఇక దాచలేకపోయాడు. "గానీ జర మసకొస్తది. ముందటనే వదిన ఈ కంటికి కాటుక వెట్టింది."

నర్సింహులు చాలాసేపు కెమెరాను చూశాడు. తిడతాడని ప్రభుదాసు, ఏడుస్తాడని బాలమణి ఎదురుచూశారు.

"ఆమె వెట్టిందాంతోనే గద," అన్నాడు చివరికి, "పెద్దోడు ఇన్నొద్దులన్న ఉన్నడు."

ఈసారి ముగ్గురూ గదిలోకి పోయి తలుపేసుకున్నారు. ఎర్రబల్బు వెలుగులో ప్రభుదాసు కాగితం మీద రీలు ముక్క పరిచి, అద్దం పెట్టి, తెల్లబల్బు ఒక్క క్షణం వెలిగించి ఆర్పాడు. కాగితాన్ని మందు పళ్ళెంలో వేశాడు. తెల్లగా ఉండిపోయింది. నర్సింహులు పళ్ళెం మీదికి వంగాడు. కాగితం ఇంకా తెల్లగానే ఉంది. అప్పుడు అడుగున నేల తేలింది, తర్వాత పలుపుతాడు, ఒక గిట్ట, ఒక మూపురం. మిట్టమధ్యాహ్నపు ఎండ తెల్లవారుజాము మంచులా వచ్చింది. ఆ మంచులో రెండు ఎడ్లూ తలలెత్తి నిలబడి ఉన్నాయి.

"పెద్దోడు," అన్నాడు నర్సింహులు.

కడిగి ఆరబెట్టిన ఫోటో అరచేతిలో పట్టేంత చిన్నది. దాన్ని పట్టుకుని వాకిట్లోకి వచ్చి ఎండలో నిలబడ్డాడు. ఎర్రవెలుగులో సరిగా కనబడలేదేమో, బాలమణి చూద్దామని ముందుకొచ్చింది. నర్సింహులు గభాలున బొటనవేలితో ఫోటోలో ఒకవైపు మూసేశాడు.

"చిన్నోడు ఇంగ బతికే ఉన్నడు చెల్లె. వాన్ని సూడొద్దు."

ఆమె ఆగింది. అతను వేలు అలాగే ఉంచి, రెండో చేత్తో ఫోటోను ఆమె వైపు తిప్పాడు.

"వీన్ని సూడు. వీడు పెద్దోడు. ఇంగ ఎంతసేపు సూసినా ఏం గాదు."