ప్లానులో లేని తొట్టెల

డెబ్బయ్యవ దశకం చివర్లో, నేను జనగామలో పదో తరగతి చదువుతున్నప్పటి సంగతి. మట్టి ఇల్లు కూల్చి డాబా కట్టాలని బాపు మునిసిపాలిటీ ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగి, ఆఖరికి ముద్ర పడిన ప్లాను తెచ్చాడు. వాడకట్టంతా దాన్ని విప్పి చూపించాడు.

మాకూ, బాపు తమ్ముడు చిన్నబాపుకూ నడుమ ఒకటే గోడ. ఆస్తిలో పాలు పంచుకున్నప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

గోడ కూల్చే పొద్దున అమ్మ జంకుతూనే అంది. "మీ తమ్మునికి ఒక మాట చెప్పి కొట్టియ్యరాదు?"

"ఆఫీసే ఒప్పుకున్నది. ఇంక వాన్ని అడుగుడేంది? కొట్టుండ్రి!" అని బాపు కూలీలను గదమాయించాడు.

గడ్డపార పోట్లకు మట్టి పెళ్లలు రాలాయి. ఉన్నట్టుండి అవతల ఏదో కూలిన చప్పుడు. వెంటనే చిన్నమ్మ కేక. "అయ్యో, నా బిడ్డ తొట్టెలల ఉన్నది!"

బాపు ప్లాను పడేసి ఉరికాడు. వెనకే నేను. చిన్నబాపు ఇంటి దూలం కొన మా గోడలోనే ఆని ఉండేదట. అది జారి, దానికి కట్టిన తొట్టెల నేలకు తగిలింది. మట్టిలోంచి బాపు పసిదాన్ని ఎత్తాడు. అది ఏడవలేదు. చివరికి దగ్గి, గుక్కపెట్టింది.

చిన్నబాపు బిడ్డను అందుకుంటూ, "అన్నా, జర చెప్తే తొట్టెల విప్పుకుందుము గదనే" అన్నాడు.

బాపు వెనక్కి వచ్చి కూలీలను ఆపించాడు.

డాబా లేచింది గానీ ఆ మట్టిగోడను బాపు మళ్లీ ముట్టనివ్వలేదు. రోజూ ఆఫీసుకు పోగలిగిన మనిషికి పక్క దర్వాజ ఎందుకంత దూరమైందో నాకిప్పటికీ అర్థం కాదు.