ట్రెడిల్ మీద నేర్చిన చెయ్యి

మంగళవారం, పొద్దున పదీ ముప్పై ఐదు. గోడ గడియారం నా ముఖానికి ఎదురుగానే ఉంది కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఆ నిమిషాన, సైదాబాద్‌లో ఒక చిన్న ఆస్పత్రి కింది అంతస్తులో, నా కుడిచేతిని మోచేతి దగ్గర ఒక పట్టీతో, మణికట్టు దగ్గర ఇంకో పట్టీతో మెషిన్‌కు కట్టేశారు. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయింది. నాకు అరవై మూడు. అంతకుముందు ఎన్నడూ అంత భయపడలేదు. పక్షవాతం వచ్చి పడిపోయిన రోజు కూడా పడలేదు. ఆ రోజు భయపడేంత తెలివి లేదు నాకు.

ముందు ఆ చెయ్యి సంగతి చెప్పాలి.

పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఒక అచ్చు ప్రెస్సులో ముప్పై రెండేళ్లు ట్రెడిల్ మెషిన్ నడిపాను. కాలితో తొక్కుతుంటే దాని ఇనుప దవడ తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. తెరుచుకున్నప్పుడు కుడిచేత్తో కొత్త కాగితం పెట్టాలి, ఎడమచేత్తో అచ్చయిన కాగితం తీయాలి. మూసుకునేలోపు రెండు చేతులూ బయట ఉండాలి. పెళ్లి పత్రికలు, రసీదు పుస్తకాలు, దుకాణాల కాగితాలు వేలకు వేలు తీశాను. అప్పట్లో ఒక్క అక్షరం చదవలేకపోయేవాణ్ని. కాగితం తలకిందులైందో లేదో పైనున్న పువ్వు గుర్తు చూసి తెలుసుకునేవాణ్ని.

అక్కడ తెలుగు అక్షరాలు కూర్చే కంపోజిటర్‌ను అందరూ భాయ్ అనేవాళ్లు. అతనూ నన్ను భాయ్ అనే పిలిచేవాడు. ఇంట్లో ఉర్దూ, ప్రెస్సులో తెలుగు. నాకంటే రెండేళ్లు పెద్ద. అతనూ మొదట ట్రెడిల్ మీదే ఉండేవాడు. ఒక రోజు వంకరగా పడ్డ కాగితాన్ని సర్దబోయి కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు అందులో వదిలేశాడు. నేను పక్క మెషిన్ మీద ఉన్నాను. అతను అరవలేదు. కాగితం ఖరాబైందని మాత్రం అన్నాడు. ఆ తరువాత ట్రెడిల్ మీదికి ఏ కొత్తవాడు వచ్చినా భాయ్ వాడి వెనక నిలబడి పాడినట్టు చెప్పేవాడు. ‘డాల్... నికాల్. డాల్... నికాల్.’ పెట్టు, తీయ్. కాగితం పోతే పోనీ, చెయ్యి తీయ్. నిద్రలో లేపి అన్నా చెయ్యి వెనక్కి వచ్చేదాకా వదిలేవాడు కాదు.

నాకు యాభై దాటాక అక్షరాలు నేర్పింది కూడా అతనే. అప్పటిదాకా నాది వేలిముద్ర. రేషన్ కార్డుకైనా, పిల్లల బడి కాగితానికైనా, గుమాస్తా నా బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, అటూ ఇటూ దొర్లించి కాగితం మీద నొక్కేవాడు. ఆ రెండు నిమిషాలు నా వేలు వాడి వస్తువు. ముద్ర కింద ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. నేను నేనే అని చెప్పడానికి ఇంకో ఇద్దరు కావాలి. అందుకే నేర్చుకున్నాను, వేరే గొప్ప కారణమేమీ లేదు. భాయ్ చాయ్ తాగే వేళ సీసం అక్షరాలు నా ముందు పెట్టేవాడు. అవి తిరగేసి ఉంటాయని నాకెవరు చెప్పారు? ఎలా ఉన్నవి అలాగే దింపుకుని, నా పేరు మొదటిసారి మొత్తం తిరగేసి రాశాను. భాయ్ దాన్ని అద్దం ముందు పెట్టి చూపించాడు. అద్దంలో సరిగ్గానే ఉంది. ప్రెస్సంతా వారం రోజులు నవ్వింది. మూడేళ్లకు నా సంతకం నిలబడింది.

పక్షవాతం గడ్డం గీసుకుంటుండగా వచ్చింది. పురానాపూల్ దగ్గర మా ఇంటి వాకిట్లో, పొద్దున్నే. గడ్డం కత్తి కింద పడితే వంగాను, మళ్లీ లేవలేదు. రెండు నెలలకు కాలు కర్రసాయంతో కదిలింది. చెయ్యి రాలేదు. ఒళ్లో పెట్టుకుంటే ఎవరో మరిచిపోయి వెళ్లిన మూట లాగా ఉండేది. తలుపు వేసేటప్పుడు వేళ్లు అందులో పడ్డా నాకు తెలిసేది కాదు, మా ఆవిడ అరిస్తే చూసుకునేవాణ్ని. అన్నం ఎడమచేత్తో తినాల్సి వచ్చింది. చుట్టాలు వస్తే తినడమే మానేసేవాణ్ని.

పరాయి దేశపు మెషిన్ ఒకటి ఆరు నెలల కోసం సైదాబాద్‌లో పెట్టారని, పడిపోయిన చేతిని అదే పట్టుకుని కదిలిస్తుందని భాయ్ ఎక్కడో విని వచ్చాడు. మా ఆవిడ, భాయ్ ఇద్దరూ కలిసి నన్ను ఆటో ఎక్కించారు.

అక్కడ మొదట ఒక కాగితం ఇచ్చారు. మెషిన్ మీద కూర్చోవడానికి ఒప్పుకుంటున్నట్టు. దాదాపు పదేళ్లు సంతకం పెట్టినవాణ్ని ఎడమ బొటనవేలు చాచాను. కింద భాయ్ సాక్షి సంతకం పెట్టాడు, మిగిలిన మూడు వేళ్లతో, ముత్యాల్లాంటి అక్షరాలతో. రెండో సాక్షి ఆ మెషిన్ నడిపే అమ్మాయి. భీమవరం వైపు అమ్మాయి. వేలికంటిన సిరా తుడుచుకోవడానికి ఆమె దూది ఇచ్చింది. నేను తుడుచుకోలేదు. ఇక ఇదే నా సంతకం అనుకున్నాను.

కుర్చీలో కూర్చోబెట్టి పట్టీలు బిగించారు. ముందర టీవీ లాంటి తెరలో ఒక పచ్చని చుక్క. నా చెయ్యి ఎటు పోతే చుక్క అటు పోతుందట.

“బాబాయ్ గారూ, బిగబట్టకండి. అదే మీ చేతిని ముందుకు తీసుకెళ్తుంది. మీరూ దాంతోపాటు వెళ్తున్నట్టు అనుకోండి, చాలు” అంది ఆ అమ్మాయి.

“గదే గదమ్మా భయం. గది తీస్కవోతది” అన్నాను.

“గట్ల జూస్తవేంది? అదేమన్న నిన్ను తింటదా?” అంది మా ఆవిడ, తలుపు దగ్గర చెప్పులు చేతిలో పట్టుకుని.

భాయ్ అప్పటికే మెషిన్ చుట్టూ తిరిగి, వంగి కింద కూడా చూసి వచ్చాడు. “దీనికి దవడ లేదు భాయ్. నేను చూసిన. ఫికర్ జెయ్యకు.”

గోడవారగా ఇంకో పెద్దాయన తన వంతు కోసం కూర్చున్నాడు. పడిపోయిన ఎడమచేతిని షర్టు గుండీల మధ్య దూర్చుకుని, నన్నే చూస్తున్నాడు.

మెషిన్ నడిచింది. గర్రుమని ముందుకు, టక్‌మని ఆగి, మళ్లీ గర్రుమని వెనక్కి. నా చెయ్యి నన్ను అడగకుండా ముందుకు పోతోంది. నాకు ఒక్కసారిగా ట్రెడిల్ చప్పుడు వినపడింది. గర్ర్, టక్. దవడ మూసుకునే ముందు వచ్చే చప్పుడు అది. ఆ గదిలో దవడ లేదని నాకు తెలుసు. నా కళ్లకు తెలుసు. నాలుగోసారి చెయ్యి ముందుకు పోయి టక్‌మనగానే భుజంలో ఏదో పట్టుకున్నట్టయింది. ఎర్ర లైటు వెలిగింది, పీప్ మని మోగింది, మెషిన్ ఆగిపోయింది. పక్క గది తుడుస్తున్న ఆయమ్మ తడిగుడ్డ పట్టుకుని పరుగున వచ్చి తలుపులో నిలబడింది.

“ఖరాబయిందా?” అన్నాను.

ఆ అమ్మాయి తెర వైపు చూస్తోంది. “ఖరాబు కాలేదండీ. ఎదురు బలం వస్తే ఆగిపోతుంది. అది ముందుకు తోస్తుంటే చెయ్యి వెనక్కి లాగింది. ఎవరు లాగారు?”

“నేను గాదు.”

“మీరే కావొచ్చు, కాకపోవచ్చు. పక్షవాతం తరువాత చెయ్యి దానంతటదే బిగుసుకుంటుంది, అది లెక్కలోకి రాదు. మీరు కావాలని లాగితేనే తెలుస్తుంది.”

“ఇయ్యాల్టికి చాలు. పట్టీలిప్పుండ్రి” అన్నాను.

ఎందుకన్నానో ఇప్పుడు దాచడం దేనికి? అప్పటిదాకా ఆ చెయ్యి రాలేదు, అంతే. నేను పిలిచి అది రాకపోతే, ఇక ఎప్పటికీ రాదని నాకు తెలిసిపోతుంది. తెలియకుండా ఇంటికి పోతే రేపటి మీద ఆశ పెట్టుకోవచ్చు. మెషిన్ కంటే ఆ తెలియడానికే ఎక్కువ భయపడ్డాను.

“అక్షరాలు నేర్పినప్పుడు గూడ గిదే మాట. ‘ఇయ్యాల్టికి చాలు.’ మూడేండ్లు అన్నవ్” అన్నాడు భాయ్. తరువాత ఆ అమ్మాయి వైపు తిరిగాడు. “బేటీ, దీన్ని జర మెల్లగ నడుపుతవా? గంత తేజ్ ఉంటే మా ట్రెడిల్ గూడ వేళ్లు తింటుండె.”

ఆమె వేగం తగ్గించింది. భాయ్ నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ముప్పై ఏళ్ల కిందట కొత్తవాళ్ల వెనక నిలబడినట్టే.

“డాల్...” అన్నాడు. చెయ్యి ముందుకు పోయింది. “నికాల్.”

ఏమీ కాలేదు. చుక్క మెషిన్‌తోపాటే పోయింది.

“డాల్... నికాల్.”

కాలేదు. మా ఆవిడ ముఖం తిప్పుకుంది. నా చెమట కంట్లో పడింది. తుడుచుకోవాలంటే ఎడమచెయ్యి కూడా కుర్చీని గట్టిగా పట్టుకుని ఉంది, వదల్లేదు. ఇక తెలిసిపోయింది అనుకున్నాను.

“కాగితం వోతె వోనీ భాయ్” అన్నాడు మెల్లగా. “డాల్... నికాల్.”

పచ్చచుక్క దారి తప్పింది. వెనక్కి జరిగి, వణికి, మళ్లీ మెషిన్ వెంట పోయింది. నా భుజం లోపల నొప్పి కాదు, బరువు తెలిసింది. రెండు నెలల తరువాత నా చెయ్యి బరువు నాకే తెలిసింది. నేను ఏడవలేదు. మూత్రానికి పోవాలనిపించింది, అంత భయమేసింది.

“ఇది మీరే బాబాయ్ గారూ. చెప్పినప్పుడు వచ్చింది” అంది ఆ అమ్మాయి. “రెండు సెంటీమీటర్లు.”

“రెండేనా?” అంది మా ఆవిడ.

భాయ్ తన కుడిచేతిని కళ్ల ముందు పెట్టుకుని చూసుకున్నాడు. “చాలమ్మా. ఆ రోజు నేను గంత తీసి ఉంటే ఈ రెండు గూడ ఉంటుండె.”

ఆరు నెలలు పోయాను. తరువాత ఆ మెషిన్‌ను పట్టుకెళ్లిపోయారు. వేళ్లు ఇప్పటికీ పూర్తిగా తెరుచుకోవు. పెన్నుకు గుడ్డ చుట్టి పట్టుకుంటాను. నా సంతకం ఇప్పుడు వాన నీళ్లలో తడిసిన కాగితం మీది సిరా లాగా ఉంటుంది. గుమాస్తాలు పాతదానితో పోల్చి రెండుసార్లు చూస్తారు. చూడనీ. పొద్దున లేవగానే కళ్లు తెరవకముందే వేళ్లు ముడిచి చూసుకుంటాను. ఏదో ఒక పొద్దున ముడవకపోవచ్చు. ఆ భయం పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు.

సంతకానికి సాక్షులు అక్కర్లేదు. కానీ ఆ మంగళవారం నేను పెట్టింది వేలిముద్ర. కాబట్టి రాస్తున్నాను. అక్కడ ఉన్నవాళ్లు: చెప్పులు చేతిలో పట్టుకుని మా ఆవిడ. ఎనిమిది వేళ్ల కంపోజిటర్ భాయ్. భీమవరం వైపు అమ్మాయి. తడిగుడ్డతో తలుపులో నిలబడిన ఆయమ్మ. ఎడమ బొటనవేలికి సిరాతో నేను. నా తరువాత ఆ కుర్చీలో కూర్చోవాల్సిన పెద్దాయన. పట్టీలిప్పి నన్ను లేపుతుంటే ఆయన నా దగ్గరికి వంగి, “దర్ద్ హోతా క్యా?” అని అడిగాడు, నొప్పి అవుతుందా అని. నొప్పి కాదు, భయమవుతుంది అని చెప్పి, లేచి ఆయనకు కుర్చీ ఇచ్చాను.